మెడ లేని హారాలు

ఎక్కడైనా ఒక మేయర్ ఎర్ర గౌను మీద బంగారు హారం వేసుకుని ప్రమాణం చేస్తున్న ఫొటో పత్రికలో పడితే, ఒడిశాలోని మా బరంపురంలో ఒక వాదన తప్పకుండా లేస్తుంది. తెల్లదొరలు వెళ్లిపోయి ఇన్నేళ్లయింది, వాళ్ల వేషం మనకెందుకు, ఆ బంగారాన్ని కరిగించి వీధి దీపాలు వేయిస్తే పుణ్యమైనా దక్కుతుంది కదా అంటారు. ఇలా అనేవాళ్లలో నాకు ఆప్తులున్నారు. వాళ్ల కోపం నిజమైనది. పన్ను కట్టే మనిషికి ఆ కోపం ఉండాలి కూడా. కానీ వాళ్లు తప్పు చోట నిలబడి పోట్లాడుతున్నారని నా అభిప్రాయం. మెడలో హారం ఉండటం వల్ల ఊరికి వచ్చిన నష్టం చాలా తక్కువ. హారం ఉండి మెడ లేకపోవడం వల్ల, అంటే ఊరికి ఎన్నికైన మనిషే లేకుండా ఏళ్లకేళ్లు గడిచిపోవడం వల్ల వచ్చిన నష్టం చాలా ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ముందు ఆ హారం ఎక్కడ పుట్టిందో చూడాలి, ఎందుకంటే దాని చరిత్ర నా మిత్రులు అనుకునేంత సూటిగా లేదు.

మేయర్ల హారానికి మూలం ఒక బానిస గుర్తు లాంటిదే, అంతవరకు వాళ్ల మాట నిజం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండులో పెద్ద ప్రభువులు తమ పరివారానికి మెడపట్టీలు ఇచ్చేవారు. పట్టీని చూడగానే ఆ మనిషి ఎవరి ఉప్పు తింటున్నాడో, ఎవరి తరఫున కత్తి దూస్తాడో తెలిసిపోయేది. మన కలెక్టరు కచేరీల్లో బంట్రోతు భుజం మీదుగా వేలాడిన డవాలీ, దాని మీద మెరిసే ఇత్తడి బిళ్ల చేసిన పని కూడా అదే. లాంకాస్టర్ ప్రభువు జాన్ ఆఫ్ గాంట్ ఇచ్చిన పట్టీలో ‘ఎస్’ అక్షరాలు వరసగా గొలుసుకట్టి ఉండేవి. ఆ అక్షరం దేనికి గుర్తో చరిత్రకారులు ఇంతవరకు ఒక మాటకు రాలేదు. దాని రాజకీయం మాత్రం ఆనాటి వాళ్లందరికీ తెలుసు. రెండో రిచర్డ్ రాజు తన పినతండ్రి అయిన గాంట్ పట్టీని తానే మెడలో వేసుకుని తిరుగుతున్నాడని 1394 పార్లమెంటులో ఆరండేల్ ప్రభువు ఆక్షేపించాడు. రాజు ఇంకొకరి మనిషిలా కనబడటం ఏమిటన్నది ఆయన అభ్యంతరం. తరవాత లాంకాస్టర్ వంశమే సింహాసనం ఎక్కింది, ఆ పట్టీ రాజసేవకు గుర్తయింది. 1527లో హోల్‌బైన్ గీసిన, ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో ఉన్న థామస్ మోర్ చిత్తరువులో ముదురు రంగు వస్త్రం మీద ఆ ఎస్‌ల బంగారు పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ల తరవాత, 1535లో, ఆ హెన్రీ రాజే ఆ మెడను నరికించాడు. రాజు ఇచ్చిన గొలుసుకు రాజు దయ ఉన్నంత కాలమే విలువ.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. తిప్పినవాడు ఒక బట్టల వర్తకుడు కావడం పట్టు మగ్గాల ఊరి మనిషిగా నాకు ఎంతో ఇష్టమైన విషయం. సర్ జాన్ ఆలెన్ లండన్ మెర్సర్ల సంఘం మనిషి. మెర్సర్లంటే పట్టు, మేలురకం బట్టల వ్యాపారులు. ఆయన 1525లో ఒకసారి, 1535లో మరోసారి లండన్ మేయరయ్యాడు. 1540ల మధ్యలో చనిపోతూ తన బంగారు ఎస్‌ల హారాన్ని కొడుకులకు ఇవ్వలేదు, రాజుకు తిరిగి పంపలేదు. తన తరవాత వచ్చే మేయర్లందరూ పండగ రోజుల్లో ధరించాలని రాసిపెట్టి వెళ్లాడు. ఇరవై ఎనిమిది ఎస్‌లు, వాటి మధ్య గులాబీలు, ముడులు ఉన్న ఆ హారాన్నే లండన్ లార్డ్ మేయర్లు నేటికీ వాడుతున్నారు. ఒక వీలునామాతో ఆ నగ స్వభావం మారిపోయింది. అంతకుముందు అది ఒక యజమాని ఒక సేవకుడికి వేసిన గుర్తు. ఆ తరవాత అది ఏ ఒక్కడిదీ కాని సొత్తు. ఏడాది వేసుకున్నవాడు ఏడాది చివర తీసి పక్కవాడి చేతిలో పెట్టాలి. నా దృష్టిలో మేయర్ల హారం చరిత్ర మొత్తంలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు. బంగారాన్ని మెడలో వేసుకోవడం ఎవరైనా చేస్తారు. వేసుకున్నదాన్ని గడువు రాగానే తీసి ఇవ్వడం పౌరపాలన అసలు లక్షణం.

అయితే హారం అన్ని ఊళ్లకూ పాకడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. 1835లో ఇంగ్లండులో మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. అప్పటిదాకా కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉన్న పురపాలక సంఘాలను పన్ను కట్టేవాళ్లు ఎన్నుకునే కౌన్సిళ్లుగా అది మార్చింది. కొత్తగా గెలిచినవాళ్లలో కొందరికి పాత ఆడంబరాలంటే ఎంత మంటంటే, లెస్టర్ పట్టణ కౌన్సిల్ తన రాజదండాన్నే వేలం వేసింది. మా ఊరి మిత్రుల వాదన అక్కడ అప్పుడే వచ్చిందన్నమాట. కానీ కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఎన్నికైన ఆ కౌన్సిళ్లే ఒకదాని తరవాత ఒకటి కొత్త హారాలు చేయించుకున్నాయి. బ్రిటన్‌లో ఈనాడు కనిపించే మేయర్ల హారాల్లో ఎక్కువ భాగం విక్టోరియా రాణి కాలం నాటివి, అంటే ఓటు వచ్చిన తరవాతివి.

వాటి తయారీలో ఒక మంచి పద్ధతి ఏర్పడింది. కింద ఊరి ముద్ర ఉన్న పతకం, రెండు భుజాల మీదుగా లంకెలు, ఒక్కో లంకె మీద ఒక్కో మాజీ మేయర్ పేరు, ఏడాది. మన కాసులపేరులో ఒక్కో కాసు మీద లక్ష్మీదేవి కూర్చున్నట్టు, అక్కడ ఒక్కో లంకెలో ఊరికి పనిచేసిన ఒక్కో మనిషి కూర్చుంటాడు. దిగిపోయిన మేయర్ తన లంకె ఖర్చు తానే భరించిన ఊళ్లున్నాయి, చందాలతో చేయించిన ఊళ్లున్నాయి. బరువు పెరిగితే మెడకు ఆనకుండా భుజాల దగ్గర గౌనుకు కొక్కేలతో తగిలిస్తారు. ఇంకో కట్టుబాటు నాకు మరీ నచ్చింది. మేయర్ తన ఊరి పొలిమేర దాటి వెళితే, ఆ పై ఊరి మేయర్ అనుమతి లేనిదే హారం వేసుకోకూడదు. మెడ ఆ మనిషిదే అయినా అధికారం మాత్రం ఊరి హద్దుది.

పరాయి పాలన గుర్తు కాబట్టి తీసేయాలన్నవాళ్లకు నేను డబ్లిన్ సంగతి చెబుతుంటాను. 1660లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఐర్లండులోని డబ్లిన్‌కు ఒక హారం ఇచ్చాడు. రెండో జేమ్స్ కాలపు అల్లకల్లోలంలో అది మాయమైంది. 1698లో మూడో విలియం తన బొమ్మ ఉన్న పతకంతో ఇంకో హారం ఇచ్చాడు. ఐరిష్ కాథలిక్కులకు విలియం ఎవరంటే 1690లో బోయిన్ నది ఒడ్డున వాళ్ల పక్షాన్ని ఓడించినవాడు. తరవాత నూటయాభై ఏళ్లు కాథలిక్ అయినవాడికి ఆ నగర పీఠం అందలేదు. 1841లో డేనియల్ ఓకానెల్ ఆ అడ్డు దాటి లార్డ్ మేయరయ్యాడు. 1922లో దేశమే స్వతంత్రమైంది. అయినా డబ్లిన్ మేయర్ హారానికి ఈనాటికీ ఆ విలియం పతకమే వేలాడుతోంది. ఐరిష్ వాళ్లకు అభిమానం తక్కువని ఎవరైనా అనగలరా? గుర్తు ఎవరిచ్చారన్నది వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఎవరు ఎన్నుకుంటే అది మెడకెక్కుతుందన్న చోట మాత్రం తరాల తరబడి పోరాడారు.

మన దేశంలోనూ ఆ పోరాటం జరిగింది. కటకంలో పుట్టిన సుభాష్ చంద్రబోస్‌ను 1930లో కలకత్తా మేయరుగా ఎన్నుకున్నప్పుడు ఆయన జైల్లో ఉన్నారు. 1931 జనవరి 26న మేయరు హోదాలోనే ఊరేగింపు నడిపి పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నారు, మళ్లీ జైలుకు వెళ్లారు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రి పురపాలక సంఘ అధ్యక్షుడిగా, వల్లభాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో, రాజాజీ సేలంలో పనిచేసినవాళ్లే. కుళాయిలు, కాలువలు, పాఠశాలల లెక్కలు చూసి చూసి దేశం లెక్కలకు ఎదిగారు. ఆ కుర్చీలను తెల్లవాళ్ల అలంకారాలని వాళ్లు తన్నేయలేదు, కూర్చుని మన కుర్చీలు చేశారు.

మా గంజాం జిల్లాకు దగ్గర చుట్టరికం ఉన్న హారం మద్రాసుది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్లమే. మద్రాసు కార్పొరేషన్ 1688లో పుట్టింది, రెండో జేమ్స్ పేర వచ్చిన సనదుతో. మేయరు, పన్నెండు మంది ఆల్డర్‌మెన్ అనే పెద్ద సభ్యులు, అరవై మంది బర్జెస్‌లు అనే పౌర సభ్యులు అన్నారు. మొదటి మేయర్ నథానియల్ హిగ్గిన్సన్. ఆ పన్నెండు మంది ఆల్డర్‌మెన్‌లో చిన్న వెంకటాద్రి అనే మన తెలుగు వర్తకుడూ ఉన్నాడు. కంపెనీకి కావలసింది కొత్త పన్ను, ఆ పన్ను స్థానికులు గొణగకుండా కట్టాలంటే వాళ్లలో పెద్దలకు కాస్త గౌరవం చూపాలి. ఎర్ర గౌన్లు అందుకు వచ్చాయి. అందులో దాచవలసింది ఏమీ లేదు. తరవాత ఆ మేయరు పదవి మరుగున పడి, 1933లో తిరిగి వచ్చింది. రాజా సర్ ముత్తయ్య చెట్టియార్ ఆ కొత్త వరసలో మొదటివారు. నాలుగేళ్లలో, 1937లో, శివషణ్ముగం పిళ్లై ఆ పీఠమెక్కారు. మద్రాసుకు మొదటి దళిత మేయర్ ఆయన. 2022 మార్చిలో ఆర్. ప్రియ అదే ఎర్ర గౌనుతో, బంగారు హారంతో ప్రమాణం చేశారు. అప్పటికి ఆమె వయసు ముప్పై లోపే, ఆ నగరానికి తొలి దళిత మహిళా మేయర్. ఆ ఫొటో చూసి వేషం అనగలిగినవాళ్లతో నేను వాదించలేను. తాతముత్తాతలను ఊరి బావి దగ్గరికి రానివ్వని సమాజంలో ఆ ఊరి మొదటి పౌరురాలి హారం ఆ అమ్మాయి మెడలో పడింది. దాన్ని ఇప్పుడే కరిగించాలన్న తొందర ఎందుకు?

అయితే మద్రాసు వరసలో ఒక పెద్ద గుంత ఉంది. నా వాదనకు ఆధారం ఆ గుంతే. 1973లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) అక్రమాల వివాదంలో కార్పొరేషన్‌ను రద్దు చేశారు. తిరిగి ఎన్నికలు జరిగింది 1996లో. ఇరవై మూడేళ్లు! ఒక పసిబిడ్డ పుట్టి, చదివి, పెళ్లీడుకు వచ్చినా తన ఊరికి మేయర్ అనే మనిషిని చూడలేదు. 1688లో మొదలైన సంస్థ, దేశంలో అన్నిటికన్నా పాతది, ప్రత్యేకాధికారుల చేతిలో అలా నడిచింది. హారం దండగ అని వ్యాసాలు రాసే మనం హారం వేసుకునే మనిషే లేని ఆ ఇరవై మూడేళ్ల గురించి ఎన్ని వ్యాసాలు రాశాం?

దూరం పోనక్కరలేదు. మాకు దక్షిణాన పెద్ద నగరం విశాఖపట్నం. వైద్యానికి, చదువుకు, కొలువుకు మా వైపు తెలుగువాళ్లు వెళ్లే ఊరు. అక్కడ 2012లో కౌన్సిల్ గడువు తీరితే మళ్లీ ఎన్నికలు 2021లో జరిగాయి. ఇక బరంపురం. 1867 నాటి మునిసిపాలిటీ, 2008లో కార్పొరేషన్ అయింది. 2013లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2018లో ముగిసింది. రిజర్వేషన్ల లెక్క కోర్టుకెక్కింది, ఆ తరవాత కోవిడ్ వచ్చింది, ఓటు వేసేసరికి 2022 మార్చి. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోవడం కూడా ఆ ఎన్నికతోనే మొదలైంది. మంచిదే. కానీ ఆ మూడున్నరేళ్ల సంగతి? రాజ్యాంగం 243యు అధికరణ మాటల్లో సందేహానికి తావు లేదు. పురపాలక కౌన్సిల్ గడువు అయిదేళ్లు, ఆ గడువు తీరకముందే తరవాతి ఎన్నిక పూర్తి కావాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో జరపాలి. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న మాట ఇది. మన ఊళ్లు ఆ మాటను ఎన్నిసార్లు నిలబెట్టుకున్నాయి?

అధికారుల మీద నాకు కోపం లేదు. మా ఊరికి వచ్చినవాళ్లలో రాత్రి పన్నెండింటికి వాన నీళ్లలో నిలబడి పంపులు పెట్టించినవాళ్లున్నారు. కానీ అధికారి బదిలీ మీద వెళతాడు. కార్పొరేటర్ మన వీధిలోనే ఉంటాడు, వాళ్లమ్మ మా అమ్మకు తెలుసు, వచ్చే ఎన్నికకు మళ్లీ మా గడప తొక్కాలి. వార్డుకు మనిషి లేని ఆ రోజుల్లో మా వీధిలో ముసలివాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచక అరుగుల మీదే కూర్చుని మాట్లాడుకునేవారు. సరిహద్దులో ఉండే తెలుగువాళ్లకు ఇది మరింత బాధ. పెద్ద కార్యాలయంలో కాగితాలు ఒడియాలో నడుస్తాయి. అది సహజం, ఇది ఒడిశా. కానీ మా మాట తెలిసిన మనిషి ఒకరు కౌన్సిల్‌లో ఉంటే, తెలుగు తప్ప రాని మా పెద్దమ్మ లాంటివాళ్లు కూడా తమ కుళాయి కష్టం సూటిగా చెప్పుకోగలరు. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో ఉన్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కరలేదు.

గౌరవ చిహ్నం అంటే అందరం ఒకే రకం అనుకుంటాం, కానీ రెండు రకాలున్నాయి. ఒకటి మనిషికి ఇచ్చేది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం ఇచ్చింది. అది ఆయన కష్టానికి దక్కినది, ఆయనదే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి తరలివెళ్లారు, పతకం మీద వేరే ఎవరికీ హక్కు లేదు. రెండోది స్థానానికి ఇచ్చేది, మనిషి దానికి కొంతకాలం కాపలా మాత్రమే. మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే బూఢీ ఠాకురాణి యాత్ర చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఎవరిదంటే తెలుగు మాట్లాడే నేతపనివారి కులపెద్ద దేశీ బెహరాది. ఆ రోజుల్లో ఆయనకు జరిగే మర్యాద ఆయన సొంత గొప్పకు జరిగేది కాదని ఆయనకూ తెలుసు, దారి పొడుగునా నిలబడిన జనానికీ తెలుసు.

ఈ రెండు రకాల తేడా చెరిగిపోవడమే మన కాలానికి పట్టిన జబ్బు. నాయకుడు పుట్టిన రోజుకు వెండి కిరీటం, క్రేన్‌తో ఎత్తే గజమాల, వేదిక మీద కత్తి. అవన్నీ రాత్రికి ఆ నాయకుడి ఇంటికే చేరతాయి. అవి ప్రభువు పరివారానికి వేసిన పాత మెడపట్టీకి దగ్గర చుట్టాలు, దిశ మాత్రమే మారింది. ఊరి హారాన్ని ఆక్షేపించే మిత్రులు ఈ కిరీటాలను ఎందుకు సహిస్తున్నారో నాకు అంతుపట్టదు. ఇంటికి పట్టుకెళ్లే కిరీటం ప్రమాదకరం. ఖజానాలో జమ చేయవలసిన హారం ప్రమాదకరం కాదు.

అందుకే మన సరిహద్దు ఊళ్లన్నిటికీ, అప్పటికే హారం ఉన్నా లేకపోయినా, పేర్లు చెక్కిన హారం కావాలని నేను కోరుతున్నాను. బంగారం అక్కరలేదు. కటకం తారకసి పనివాళ్ల వెండి ఉంది. దారమంత సన్నగా తీగ లాగి పువ్వులల్లే ఆ నేర్పు కరీంనగర్ వాళ్లకూ తెలిసినదే. తీగ పని సున్నితం కాబట్టి పేర్లున్న లంకెలు మాత్రం గట్టి రేకుతో చేయించాలి. ఆ లంకెలు అతికే పట్టీ మా మగ్గాల బరంపురం పట్టుది కావాలి, అంచున గుడి శిఖరంలా కనిపించే ఫోడా కుంభం నమూనాతో. లంకెలు కదలాలి, విరగకూడదు అంటే గంజాం జిల్లా బెళగుంఠలో ఇత్తడి చేప చేసే కళాకారులను అడగాలి. బతికిన చేపలా ఒళ్లు తిప్పే బొమ్మను అతుకు అతుకుగా కట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. లంకె మీద పేరు ఒడియాలో, కింద ఆ మనిషి ఇంటి భాషలో. తెలుగువాళ్లయితే తెలుగులో. ఎవరి భాషా ఇంకొకరి భాషను తొక్కదు.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. దాని కోసమైతే మిగతా అలంకారమంతా వదులుకోవడానికి సిద్ధం. ఎన్నికైన కౌన్సిల్ లేకుండా గడిచిన ప్రతి ఏడాదికీ ఒక ఖాళీ లంకె ఉండాలి. పేరు లేని, ముద్ర లేని, ఉత్త వెండి రేకు. కొన్ని ఊళ్ల పురపాలక భవనాల్లో అధ్యక్షుల పేర్ల బోర్డులు చూశాను. అధికారుల పాలన వచ్చినప్పుడు కింద వరసలో తరవాతి అధ్యక్షుడి పేరు రాసేస్తారు, మధ్యలో పోయిన ఏళ్లు కంటికి ఆనవు. హారం అలా దాచకూడదు. మద్రాసు హారాన్ని ఈ పద్ధతిలో కట్టి ఉంటే ఇరవై మూడు ఖాళీ లంకెలు వరసగా మేయర్ గుండె మీద ఉండేవి. ప్రమాణం చేసిన ప్రతి మేయర్ ఫొటోలోనూ అవి కనిపించేవి. ఏ ముఖ్యమంత్రి అయినా, ఏ పార్టీ అయినా ఇంకో ఖాళీ లంకె చేర్చడానికి కాస్త జంకేవారు.

ఖర్చంటారా, వెండి హారం ఖర్చు ఏ ఊరికీ భారం కాదు. రోడ్డుకు పోయాల్సిన డబ్బు హారానికి పోస్తున్నారన్న నింద రాకుండా పురజనుల చందాతో చేయిస్తే ఇంకా మేలు. వీధికో హుండీ పెడితే ఠాకురాణి యాత్రకు ఇచ్చినట్టే ఇస్తారు, మా ఊరి జనం నాకు తెలుసు. బరువు ఎంతో, లంకెలు ఎన్నో రిజిస్టరులో రాసి, ఏడాదికోసారి కౌన్సిల్ ఎదుట తూచి ఖజానాలో పెట్టాలి. మేయర్ ఇంటికి పట్టుకెళ్లకూడదు. ఊరు దాటి ధరించకూడదు. పార్టీ సభకు వేసుకెళ్లకూడదు.

2022లో ఎన్నికైన మా కౌన్సిల్ అయిదేళ్ల గడువు 2027లో తీరుతుంది. హారం చేయించాలన్న తీర్మానం అంతకు ముందే, ఈ కౌన్సిల్ చేతనే జరగాలి. 2018 నుంచి 2022 వరకు పోయిన కాలానికి ఖాళీ లంకెలు అందులో ముందుగానే కట్టించాలి. తీర్మానంతో పాటు తరవాతి ఎన్నిక తేదీ కోసం రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇప్పుడే ఒక లేఖ కూడా వెళ్లాలి. వార్డుల విభజన, రిజర్వేషన్ల జాబితా, ఓటర్ల జాబితా ఈ మూడూ ఎప్పటికి సిద్ధమవుతాయో అందులో రాతపూర్వకంగా అడగాలి. మా వార్డు కార్పొరేటర్‌కు ఇచ్చే అర్జీలో నేను రాస్తున్నది ఈ రెండు కోరికలే.